ఫోటో ఎందుకు చెడింది?

ఫోటో సరిగా రాలేదంటే మన నోటినుంచి మొదట వచ్చే మాట, "ఈ కెమెరా మంచిది కాదు" అని. 'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత మీరు వినే ఉంటారు. చాలాసార్లు కెమెరాలో ఏ లోపమూ ఉండదు. ఒక్కొక్కప్పుడు నిజంగానే ఉంటుంది. ఏది నిజమో తేల్చుకోవడం ఎలా? చెడిన ఫోటోనే అడగాలి!

వైద్యుడు రోగి నాడి పట్టుకుని, నాలుక చూసి, నాలుగు ప్రశ్నలు వేసి రోగమేమిటో తెలుసుకుంటాడు. చెడిన ఫోటోకూ అలాంటి లక్షణాలుంటాయి. మసక బొమ్మంతా ఉందా, ఒక్కచోటే ఉందా? మచ్చ ఈ ఒక్క ఫోటోలోనే ఉందా, అన్ని ఫోటోల్లోనూ అదే చోట ఉందా? ముఖం నల్లబడింది సరే, ముఖం వెనుక ఏముంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మందు దొరికినట్లే.

మీ చేతిలో ఉన్నది అమ్మ సెల్‌ఫోను కావచ్చు. బీరువా అడుగున దొరికిన తాతయ్యగారి ఫిల్ము కెమెరా కావచ్చు. ఒకదానిలో సెన్సరు అనే చిన్న సిలికాన్ పలక ఉంటుంది. రెండోదానిలో వెండి లవణం పూసిన ఫిల్ము ఉంటుంది. కాని రెండూ చేసే పని ఒకటే. కటకం, అంటే లెన్సు, లోపలికి పంపిన కాంతిని అవి పట్టి ఉంచుతాయి. కాబట్టి రెండింటి జబ్బులూ చాలావరకు ఒకటే.

కుళాయి, బిందె

కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. బిందె నిండడానికి రెండు విషయాలు చూడాలి: కుళాయి ఎంత తిప్పారు, ఎంతసేపు తిప్పి ఉంచారు. సన్నని ధార అయితే చాలాసేపు పడుతుంది. పెద్ద ధార అయితే త్వరగా నిండుతుంది. మూడో విషయం బిందె పరిమాణం. బిందెకు బదులు చెంబు పెడితే కొద్ది నీళ్ళకే నిండిపోతుంది.

కెమెరా కటకంలో ఉండే రంధ్రం కుళాయి లాంటిది. దీన్ని అపర్చరు అంటారు. షట్టరు తెరుచుకుని ఉన్న కాలమే మనం కుళాయి విప్పి ఉంచిన కాలం. ఫిల్ముకు లేదా సెన్సరుకు కాంతిని గ్రహించే చురుకుదనం ఉంటుంది. అది బిందె పరిమాణం వంటిది. దాన్ని ఐ.ఎస్.ఓ. సంఖ్యతో చెబుతారు. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ బిందె చిన్నది అన్నమాట. ఐ.ఎస్.ఓ. 100 ఫిల్ముకు కావలసిన కాంతిలో సగమే ఐ.ఎస్.ఓ. 200 ఫిల్ముకు చాలు.

బిందె నిండకముందే కుళాయి కట్టేస్తే ఫోటో నల్లగా వస్తుంది. నిండి పొర్లిపోతే తెల్లగా పాలిపోతుంది. ఇలా ఫోటోకు ఇచ్చే కాంతి మోతాదునే ఎక్స్‌పోజరు అంటారు.

షట్టరు కాలాలు తేలికగానే అర్థమవుతాయి: 1/30, 1/60, 1/125, 1/250, 1/500 సెకను. ప్రతి మెట్టుకూ కాలం సుమారు సగమవుతుంది. అపర్చరు సంఖ్యలే కొంచెం తికమక పెడతాయి: 2.8, 4, 5.6, 8, 11, 16. ఇవేం లెక్క?

ఎఫ్/8 అంటే, కటకం నాభ్యంతరంలో ఎనిమిదో వంతు వ్యాసం ఉన్న రంధ్రం. నాభ్యంతరం 50 మి.మీ. అయితే రంధ్రం వ్యాసం 6.25 మి.మీ. ఎఫ్/16 దగ్గర ఆ వ్యాసం 3.1 మి.మీ. మాత్రమే. అందుకే సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. వ్యాసం సగమైతే వృత్త వైశాల్యం నాలుగో వంతు అవుతుందని గణితంలో చదువుకున్నారు గదా! అంటే 8 నుంచి 16 కు వెళ్తే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. సరిగ్గా సగం కావాలంటే 8 ని 2 కాక, 2 వర్గమూలంతో, అంటే 1.414 తో గుణించాలి. గుణించి చూడండి: 11.3 వస్తుంది. కటకం మీద రాసి ఉండే 11 అదే!

కాబట్టి అపర్చరులో ఒక మెట్టు, షట్టరులో ఒక మెట్టు, రెండూ సమానమే. ఫోటోగ్రాఫర్లు ఈ మెట్టును 'స్టాపు' అంటారు. ఎఫ్/16 వద్ద 1/125 సెకను ఇచ్చినా, ఎఫ్/11 వద్ద 1/250 ఇచ్చినా, ఎఫ్/8 వద్ద 1/500 ఇచ్చినా బిందెలో పడే నీళ్ళు ఒక్కటే. చాలా సెల్‌ఫోన్లలో ఈ రంధ్రం మారదు. ఫోను కాలాన్నీ, ఐ.ఎస్.ఓ.నూ మాత్రమే మార్చుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచితే కాంతి పెరగదు. దూరపు స్టేషను సరిగా అందనప్పుడు రేడియో గొంతు పెంచితే పాటతోపాటు 'గర్ర్' మనే చప్పుడు కూడా పెరుగుతుంది గదా! అలాగే సెన్సరు ఐ.ఎస్.ఓ. పెంచినప్పుడు బొమ్మతోపాటు ఇసుక చల్లినట్లు గరుకుదనమూ బయటపడుతుంది. మీ రాత్రి ఫోటోలు గరుకుగా ఉండడానికి కారణం ఇదే. మందు కెమెరా మార్చడం కాదు, వెలుతురు పెంచడం. దీపానికి దగ్గరగా జరగండి.

కంటిని నమ్మవద్దు

"గదిలో వెలుతురు బాగానే ఉంది, అయినా ఫోటో మసకగా వచ్చింది" అని మీరనుకుంటారు. ఈ మోసం చేసింది మీ కన్ను.

మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది. రాత్రి బల్బు వెలిగే గదిలో 100, 200 లక్సులు ఉంటే గొప్ప. అంటే ఐదు వందల నుంచి వెయ్యి రెట్ల తేడా! మెట్లలో చెప్పాలంటే తొమ్మిది, పది మెట్లు. అయినా ఆ గదిలో మీరు హాయిగా చదువుకుంటారు. కంటిపాప 2 మి.మీ. నుంచి 8 మి.మీ. దాకా పెద్దది కాగలదు. అయినా దానివల్ల పెరిగే కాంతి 16 రెట్లే. మిగిలిన సర్దుబాటంతా రెటీనా, మెదడు మనకు తెలియకుండానే చేసేస్తాయి. అందుకే వెలుతురు ఎంతో కన్ను చెప్పలేదు. లెక్క వేసుకోవాలి.

కాంతిని విద్యుత్తుతో కొలిచే మీటర్లు 1930ల్లో ఫోటోగ్రాఫర్ల చేతికి వచ్చాయి. అంతకు ముందు ఏం చేసేవారు? ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద వేలాది చిత్రాలు తీశారు. పలకను రసాయనాల్లో కడిగేదాకా బొమ్మ ఎలా వచ్చిందో తెలిసే అవకాశం లేదు. ఆ రోజుల్లో అనుభవమే మీటరు.

మీకు అంత అనుభవం లేకపోయినా ఒక మీటరు ఎప్పుడూ వెంటే ఉంటుంది. అది మీ నీడ! సూర్యుడు బాగా పైకెక్కాక, నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐ.ఎస్.ఓ. సంఖ్య కింద 1 వేసి అంత కాలం ఇవ్వండి. ఐ.ఎస్.ఓ. 100 అయితే 1/100 సెకను. కెమెరా మీద దానికి దగ్గరి అంకె 1/125. కాలం మార్చకుండా నీడను బట్టి అపర్చరు మాత్రం ఇలా మార్చుకోవాలి:

నీడ అంచులు కత్తితో కోసినట్లుంటే ఎఫ్/16.
అంచులు మెత్తబడితే, అంటే పలుచని మబ్బు పడితే ఎఫ్/11.
నీడ లీలగా కనిపిస్తుంటే ఎఫ్/8.
నీడే లేకుండా దట్టంగా మబ్బు పడితే ఎఫ్/5.6.
ఎండరోజున ఇంటి నీడలోనో చెట్టు నీడలోనో నిలబడితే ఎఫ్/4.

ఒక హెచ్చరిక. కెమెరా కిటికీలోంచి సూర్యుణ్ణి నేరుగా ఎప్పుడూ చూడవద్దు. కటకం ఎండను ఒకచోటికి చేర్చి కాగితాన్నే కాల్చగలదు. కంటి సంగతి చెప్పాలా?

గేదె మీద కొంగ

ఇప్పటి కెమెరాలన్నిటిలో మీటరు ఉంటుంది. మరి ఫోటోలు ఇంకా ఎందుకు చెడుతున్నాయి?

చెరువు గట్టున నల్లని గేదె, దాని వీపు మీద తెల్లని కొంగ ఉన్నాయి. మీరు దగ్గరకు వెళ్ళి గేదె నిండుగా కనబడేలా ఫోటో తీశారు. గేదె బూడిద రాసుకున్నట్లు వచ్చింది. కొంగ ఈకలు ఒక్కటీ కనబడకుండా సున్నపు ముద్దలా వచ్చింది. ఏం జరిగింది?

మీటరుకు తెలిసింది ఒక్కటే, ఎంత కాంతి వస్తోందన్నది. ఎదుట ఉన్నది గేదో, కొంగో, మనిషో దానికి తెలియదు. అందుకని అది ఒక ఊహ చేసుకుంటుంది: "ఎదుట ఉన్నదంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగు" అని. తెల్ల కాగితం తన మీద పడిన కాంతిలో 90 శాతం దాకా తిప్పి పంపుతుంది. నల్ల గుడ్డ నాలుగైదు శాతమే పంపుతుంది. మన కంటికి ఈ రెండింటి నడుమ ఉన్నట్లు తోచే బూడిద రంగు సుమారు 18 శాతం పంపుతుంది. నల్ల గేదెను చూసిన మీటరు, "వెలుతురు చాలడం లేదు" అని పొరపడి కాంతి ఎక్కువ ఇచ్చింది. గేదె బూడిదైంది, కొంగ పొర్లిపోయింది.

చేసి చూడండి: ఒకే వెలుతురులో పక్కపక్కన ఒక తెల్ల కాగితం, ఒక నల్ల గుడ్డ పరచండి. కాగితం ఒక్కటే నిండుగా కనబడేలా ఒక ఫోటో, గుడ్డ ఒక్కటే నిండుగా కనబడేలా ఇంకొక ఫోటో తీయండి. రెండూ బూడిద రంగువైపు జరిగి ఒకదానికొకటి దగ్గరగా రావడం చూస్తారు. ఇప్పుడు సెల్‌ఫోను తెరమీద కాగితాన్ని వేలితో తాకండి. చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు ఒకటి కనిపిస్తుంది. దాన్ని పైకి జరిపితే కాగితం తెల్లబడుతుంది. నల్ల గుడ్డకు కిందికి జరపాలి. వేరే కెమెరాలో ఈ పని చేసే మీటకు కూడిక, తీసివేత గుర్తులుంటాయి.

సూత్రం వింతగా ఉంటుంది కాని నిజం: తెల్లని వస్తువుకు కాంతి పెంచాలి, నల్లని వస్తువుకు తగ్గించాలి. గేదె మీద కొంగ కావాలంటే కొంగను తాకి మీటరుకు చూపండి, లేదా ఒకటి రెండు మెట్లు తగ్గించండి.

ముఖం నల్లగా పడిందా?

ఇదే పొరపాటు మనుషుల దగ్గర జరిగితే బాధ కలుగుతుంది. తరగతి ఫోటోలో అందరూ తెల్ల చొక్కాలు వేసుకున్నారు. వెనుక సున్నం కొట్టిన గోడ, దాని మీద తెల్లని ఆకాశం. అంత తెలుపు చూసిన మీటరు కాంతి తగ్గించింది. చొక్కాలు చక్కగా వచ్చాయి. చామనఛాయ పిల్లల ముఖాల్లో కళ్ళూ, నవ్వూ కనబడలేదు. ఆ పిల్లలు "నేను ఫోటోలో బాగుండను" అనుకుని మరుసటి ఏడాది వెనుక వరుసలో దాక్కుంటారు. తప్పు వాళ్ళ ఛాయది కాదు, లెక్కది!

ఈ తప్పు ఒక్క బడిలోనే జరిగింది కాదు. రంగుల ఫోటోలు ప్రచారంలోకి వచ్చిన కాలంలో అమెరికాకు చెందిన కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు ఒక నమూనా చిత్రం పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి ఉండేది. మొదట అలా నిలబడిన యువతి పేరు మీద దాన్ని 'షర్లీ కార్డు' అన్నారు. ఆమె చర్మం సరిగా వస్తే రంగులు సరిగా ఉన్నట్లే లెక్క. నల్లని, గోధుమ రంగు ముఖాలు ఎలా వస్తున్నాయో ఆ కార్డు చెప్పలేదు. చాక్లెట్లు, చెక్క సామాను తయారుచేసేవాళ్ళు తమ వస్తువుల గోధుమ రంగులు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక ఫిల్ములో మార్పులు వచ్చాయి. వేర్వేరు ఛాయల మనుషులున్న కార్డులు 1990ల్లో వచ్చాయి. చూశారా! దేన్ని సరైనదిగా ఎంచుకుంటే కొలత దానికి అనుకూలంగా ఉంటుంది.

ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తాయి. అయినా పొరబడతాయి. కాబట్టి నిర్ణయం మీరే తీసుకోండి. ఆకాశానికి ఎదురుగా కాకుండా చెట్టు నీడలోనో, వరండా అంచునో నిలబెట్టండి. ముఖాన్ని తాకి మీటరు చూడండి. అందరికంటె నల్లనివారి కళ్ళు కనబడుతున్నాయా అని చూసుకుని అప్పుడు తీయండి. చొక్కా కొంచెం పాలిపోతే నష్టం లేదు. ముఖం పోతే ఫోటో పోయినట్లే.

ఏ వైపు తప్పినా సమానం కాదని కూడా గుర్తుంచుకోండి. డిజిటల్ కెమెరాలో పూర్తిగా తెల్లగా పొర్లిపోయిన చోట తరువాత ఏమీ తిరిగి రాబట్టలేం. నెగటివ్ ఫిల్ములో దీనికి వ్యతిరేకం. కాంతి అందని నీడల్లో ఏమీ మిగలదు. అందుకే నెగటివ్ ఫిల్ముకు అనుమానం వస్తే ఒక మెట్టు ఎక్కువే ఇస్తారు.

మసక ఎన్ని రకాలు?

మసక ఒక్కటే రోగం కాదు. నాలుగు రకాలుంది.

మొదటిది: బొమ్మలోని ప్రతి వస్తువూ ఒకే దిక్కుకు సాగినట్లుంటుంది. దీపపు చుక్కలు గీతలయిపోతాయి. ఇది చెయ్యి వణకడం. సాధారణ 35 మి.మీ. ఫిల్ము కెమెరాకు ఒక పాత సూత్రం ఉంది: కటకం నాభ్యంతరం 50 మి.మీ. అయితే 1/50 సెకను కంటె, 200 మి.మీ. అయితే 1/200 కంటె ఎక్కువ కాలం చేతితో పట్టుకుని తీయవద్దు. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. గోడకో స్తంభానికో ఆనుకోండి. మీట గుచ్చవద్దు, మెల్లగా నొక్కండి. ఇంకా కావాలంటే చిన్న సంచిలో బియ్యం పోసి మూతి కట్టి, దాని మీద కెమెరా కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. ఖర్చులేని స్టాండు ఇదే.

రెండోది: గోడ, చెట్టు స్పష్టంగా ఉన్నాయి, పరుగెత్తే పిల్లవాడు మాత్రం మసకబారాడు. చెయ్యి కదలలేదు, మనిషి కదిలాడు. లెక్క వేయండి. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తేవాడు 1/60 సెకనులో 8 సెం.మీ.కు పైగా జరుగుతాడు. 1/500 సెకనులో 1 సెం.మీ. మాత్రమే. ఇక్కడ స్టాండు ఏ సాయమూ చేయదు. కాలం తగ్గించాలి.

మూడోది: ముందున్న పువ్వు మసక, వెనుకనున్న ఆకు స్పష్టం. ఇది ఫోకస్ తప్పడం. కటకం మీరనుకున్న చోట కాక ఇంకెక్కడో దృష్టి నిలిపింది. కావలసిన వస్తువును తాకి ఫోకస్ చేయండి. మరీ దగ్గరకు వెళ్ళి ఉంటే కొంచెం వెనక్కు జరగండి.

నాలుగోది: బొమ్మంతా పొగమంచులో ఉన్నట్లుంటుంది, దీపాల చుట్టూ గుడి కట్టినట్లు వెలుగు. ఇది కటకం మీద వేలిముద్ర, జిడ్డు లేదా తేమ. సెల్‌ఫోను ఫోటోలు పాడవడానికి ఇదొక పెద్ద కారణం.

ఫ్లాషు వేసినా చీకటేనా?

పెళ్ళిపందిట్లో ఫ్లాషు వేసి తీస్తే ముందు వరుస తెల్లగా పాలిపోయి, వెనుక వరుస చీకట్లో కలిసిపోతుంది. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. ఇదే విలోమ వర్గ నియమం. 2 మీటర్ల దూరంలో పడిన వెలుతురులో, 20 మీటర్ల దూరాన ఉన్న నాటకం స్టేజీ మీద పడేది నూరో వంతు! అక్కడ ఫ్లాషు దండగ. అది ఆపేసి, స్టేజీ దీపాల వెలుతురులోనే కెమెరాను దేనికైనా ఆనించి తీయండి. గుంపును తీసేటప్పుడు వరుసల నడుమ దూరం తగ్గించి, అర్ధచంద్రాకారంలో నిలబెట్టండి. అప్పుడు అందరూ ఫ్లాషుకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటారు.

విడి ఫ్లాషు మీద 'గైడ్ నంబరు' ఉంటుంది. అది 20 అయితే, ఐ.ఎస్.ఓ. 100 వద్ద 5 మీటర్ల దూరానికి 20 ని 5 తో భాగించి ఎఫ్/4 పెట్టాలి.

ఫ్లాషు ఫోటోలో ఒక పక్క సగం నల్లగా తెగిపోతే? చాలా కెమెరాల షట్టరులో రెండు తెరలుంటాయి. ఒకటి తెరుచుకుంటూ పోతే, రెండోది మూసుకుంటూ దాని వెనకే వస్తుంది. వేగం ఎక్కువైతే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయలుదేరుతుంది. ఆ క్షణంలో ఫ్లాషు మెరిస్తే తెర మాటున ఉన్న భాగానికి వెలుతురు అందదు. కెమెరాను బట్టి 1/60 నుంచి 1/250 మధ్య ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటవద్దు. చెడింది కెమెరా కాదు సుమా!

దీపాల కింద చారలు పడుతున్నాయా? మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. కొన్ని ఎల్.ఇ.డి. దీపాలూ, ట్యూబులైట్లూ అందుకు తగ్గట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కన్ను పట్టలేదు. సెల్‌ఫోను సెన్సరు వరుస తరువాత వరుసగా బొమ్మను చదువుతుంది కాబట్టి పట్టేస్తుంది. కాలం 1/100 లేదా 1/50 సెకను పెట్టండి. ప్రతి వరుసకూ నిండు మినుకులే అందుతాయి. చారలు పోతాయి.

మచ్చ ఎక్కడుంది?

చేసి చూడండి: పగటిపూట గదిలో కిటికీకి ఎదురు గోడ దగ్గర భూతద్దం పట్టుకుని, గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడేటట్లు చేయండి. ఇప్పుడు భూతద్దంలో సగాన్ని కాగితంతో మూయండి. బొమ్మ సగం పోతుందనుకున్నారా? పోదు! బొమ్మ మొత్తం ఉంటుంది, వెలుతురు మాత్రం తగ్గుతుంది. తరువాత కాగితం తీసేసి, చిన్న కాగితం ముక్కను గోడమీది బొమ్మలోనే అంటించండి. అక్కడ మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇందులో జవాబుంది. కటకంలోని ప్రతి భాగమూ మొత్తం బొమ్మను తయారుచేస్తుంది. అందుచేత కటకం మీద ఒకటి రెండు దుమ్ము రేణువులు మచ్చగా పడవు. అన్ని ఫోటోల్లోనూ ఒకేచోట మచ్చ పడుతుంటే దుమ్ము బొమ్మ పడేచోటికి దగ్గరగా, అంటే సెన్సరు మీద ఉందన్నమాట. ఎఫ్/16 పెట్టి ఆకాశాన్ని తీస్తే అది ఇంకా బాగా బయటపడుతుంది. దాన్ని మీరు తుడవవద్దు. తెలిసినవారికి ఇవ్వండి.

కటకాన్ని తుడవడానికీ ఒక వరుస ఉంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. తరువాత మెత్తని కుంచె. చివరకు కటకాల గుడ్డ. చొక్కా అంచుతో నేరుగా రుద్దితే ఏమవుతుంది? దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. కాఠిన్యపు కొలతలో క్వార్ట్జ్ 7, మామూలు గాజు సుమారు 5.5. మీరు ఉప్పుకాగితంతో రుద్దినట్లే!

కటకం లోపల సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలోనూ, వానాకాలంలో ఎక్కడైనా దీని భయం ఉంది. బూజు విడుదల చేసే ఆమ్లం కటకం మీది పూతను తినేస్తుంది. కెమెరాను తోలు సంచిలో పెట్టి ఏళ్ళ తరబడి బీరువాలో దాచడమే దానికి మేత వేయడం. గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతోపాటు ఉంచండి. అప్పుడప్పుడు బయటకు తీసి వాడండి.

ఏ.సి. బస్సు దిగగానే కళ్ళజోడు మసకబారడం చూశారు గదా! కెమెరాకూ అంతే. దిగకముందే దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. బయటి వేడికి అలవాటు పడ్డాక తీయండి. తేమ సంచి మీదే ఆగిపోతుంది.

పాత ఫిల్ము కెమెరా దొరికితే

ఒకప్పుడు మన దేశంలో ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలు చాలా ఇళ్ళలో ఉండేవి. ఒక రీలుకు 12 ఫోటోలు. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ము తయారుచేసేది. అటువంటి పాత కెమెరా దొరికితే ముందు ఫిల్ము లేకుండా పరీక్షించండి. వెనుక తలుపు తెరిచి, షట్టరు నొక్కుతూ కటకంలోంచి వెలుతురు మెరుస్తోందో లేదో చూడండి. ఘటాల అరలో తెల్లని, పచ్చని పొడి ఉంటే అది కారిన ఘటాల పదార్థం. దాన్ని చేత్తో తాకవద్దు. పెద్దవాళ్ళచేత శుభ్రం చేయించండి. తలుపు అంచున ఉండే నల్లని స్పాంజి పొడిపొడి అయిపోతే వెలుతురు లోపలికి కారి ఫిల్ము మీద చారలు పడతాయి.

35 మి.మీ. రీలు వేశాక మీట తిప్పినప్పుడు రీలు వైపునున్న తిప్పుడు గుండీ కూడా తిరగాలి. తిరగలేదంటే ఫిల్ము పట్టుకోలేదన్నమాట. అది గమనించక 36 సార్లు నొక్కితే, కడిగిన తరువాత చేతికి వచ్చేది ఖాళీ ఫిల్మే!

ఒక్కసారి ఒక్కటే మార్చండి

ఫోటో చెడితే కంగారుగా అన్ని మీటలూ ఒకేసారి తిప్పవద్దు. అలా చేస్తే ఈసారి బాగా వచ్చినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక్కటే మార్చండి, మళ్ళీ తీయండి, పోల్చండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, వెలుతురు, అపర్చరు, కాలం రాసుకోండి. డిజిటల్ కెమెరా అయితే ఈ అంకెలను అదే ఫోటోతోపాటు దాచి ఉంచుతుంది, వెతికి చూడండి. మళ్ళీ దొరకని సందర్భమైతే మూడు ఫోటోలు తీయండి: ఒకటి మీటరు చెప్పినట్లు, ఒకటి ఒక మెట్టు ఎక్కువ, ఒకటి ఒక మెట్టు తక్కువ.

ఆలోచించండి

1. సముద్రపు ఒడ్డున తెల్లని ఇసుకలో తీసిన ఫోటో దిగులుగా, బూడిద రంగులో వచ్చింది. కాంతి పెంచాలా, తగ్గించాలా?
2. రాత్రి గుడి ఫోటోలో గుడి స్పష్టంగా ఉంది, నడిచే మనుషులు దయ్యాల్లా మసకగా ఉన్నారు. చెయ్యి వణికిందా?
3. ఎఫ్/8, 1/250 సెకను సరిపోయిన చోట ఎఫ్/16 పెడితే కాలం ఎంత ఇవ్వాలి?
4. క్రికెట్ ఆటలో ఫ్లడ్‌లైట్ల కింద, గ్యాలరీలో కూర్చుని సెల్‌ఫోను ఫ్లాషు వేసేవారికి మీరేం చెబుతారు?

జవాబులు: 1. పెంచాలి. తెల్ల ఇసుకను చూసి మీటరు కాంతి తగ్గించింది. 2. లేదు. వణికితే గుడి కూడా మసకబారేది. 3. కాంతి నాలుగో వంతు అయింది కాబట్టి కాలం నాలుగు రెట్లు, అంటే 1/60 సెకను. 4. "అయ్యా, మీ ఫ్లాషు వెలుతురు మీ ముందు కూర్చున్నవారి తల దాకానే పనిచేస్తుంది!"